మైకులో పిలిచిన పేర్ల విషయమై

కంబాలగూడెం గ్రామం,
నెల్లికుదురు మండలం, వరంగల్ జిల్లా.
అక్టోబరు, 2011.

మహారాజశ్రీ జిల్లా వైద్యాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా గ్రామములో సమ్మె శిబిరపు మైకు ద్వారా పేర్లు పిలువబడిన ఆడపిల్లలు సిగ్గుతో రెండవ పరీక్షకు పోకుండా ఉన్నందున, మొదటి పరీక్షలో తేలిన వైరస్ లోకములో సర్వసాధారణమైనదని తమరు వచ్చి అదే మైకులో చెప్పవలెనని, అంతవరకు జనగామలో ఉన్న డాక్టరమ్మను కదలనీయరాదని కోరుట గురించి.

విన్నవించుకొనుట ఏమనగా, నేను దూదేకుల నబీసాబును. దూది ఏకి పరుపులు కుట్టుట నా వృత్తి. ఇదివరలో బోరింగు గురించి ఒకమారు, ఖబ్రస్తాను దారి గురించి పలుమార్లు అర్జీలు పెట్టుకున్నవాడను. వాటికి ఏ గతి పట్టినదో నాకు తెలుసు, కనుక తమరి మీద కొండంత ఆశ ఏమీ లేదు. అయినను రాస్తున్నాను. గడ్డము నెరిసిన మామను, కోడలి గర్భసంచి సంగతి పై అధికారికి రాయవలసి వచ్చినది. కొంత సిగ్గు, కొంత కోపము. కోపము పాలే ఎక్కువ.

1. సమ్మెకు ముందు, వానాకాలములో హైదరాబాదు నుండి ఒక సంస్థ వారు తెల్లబండిలో మా ఊరి దవాఖానకు వచ్చినారు. పెండ్లయిన పడుచు ఆడవారిలో హెచ్.పి.వి. అను వైరస్ ఎంతమందికి ఉన్నదో లెక్క తీయుట వారి పని. మగవారిని గేటు దగ్గరనే ఆపినారు, అది న్యాయమే. కాని ఆ దినమే నేను దవాఖాన మంచాల పరుపులు విప్పి వెనుక వరండాలో దూది ఏకుతున్నాను. నడుమ ఒక్క పరదా. చెవులు మూసుకొని దూది ఏకుట ఎవరి వల్లా కాదు.

లోపల ఆ బండిలో వచ్చిన డాక్టరమ్మ మాటలు విన్నాను. "పెళ్లయినవాళ్లలో దాదాపు అందరికీ ఎప్పుడో ఒకసారి ఇది వచ్చి పోతుందమ్మా. వచ్చినట్టూ తెలీదు, పోయినట్టూ తెలీదు. మందు కూడా అక్కర్లేదు. కొద్దిమందిలోనే పోకుండా కూర్చుంటుంది. అలా కూర్చున్నదాన్ని ఏళ్ల తరబడి చూడకుండా వదిలేస్తే కేన్సర్ అయ్యే ప్రమాదం ఉంది. అందుకే చూస్తున్నాం" అన్నది.

ఎవరో పిల్ల అడిగింది. "మొగని నుంచి వస్తదా అమ్మా?"

"భర్త నుంచి భార్యకు రావచ్చు, భార్య నుంచి భర్తకు రావచ్చు. ఎప్పటిదో, ఎవరి నుంచో ఎవరూ చెప్పలేరు. కాబట్టి ఎవరూ ఎవరినీ అనడానికి లేదు."

"గట్లయితే మా ఆయనను గూడ పండవెట్టి జూడుండ్రి" అన్నది నా కోడలు తస్లీమా. ఆడవారందరూ పడిపడి నవ్వినారు. తస్లీమా నవ్వు నాకు తెలుసు. అది అందరికన్న ముందు మొదలై అందరి తర్వాత ఆగుతుంది. వందకు ఇంతమంది అని కూడా డాక్టరమ్మ ఏదో లెక్క చెప్పినది. సరిగ్గా అప్పుడే ముక్కులో దూది పోయి తుమ్మినాను, వినబడలేదు. అది తమరే మైకులో చెప్పవలెను.

2. తర్వాత సమ్మె వచ్చినది. బస్సులు నిలిచినవి, బడులు మూసినారు, ఆఫీసులకు తాళాలు పడినవి. మా చౌరస్తాలో రిలే దీక్షల టెంటు వేసినారు. నేనూ అందులో కూర్చున్నవాడినే, మెడ నరాలు ఉబ్బేటట్టు జై తెలంగాణ అన్నవాడినే, ఆ విషయములో నాకు పేచీ లేదు. నా కుమారుడు మాజిద్ అక్కడ మైకు మాట్లాడేవాడు. గొంతు మంచిది. సర్కారు బందయినందున సర్కారు చేయవలసిన పనులన్నీ ఆ మైకే చేయసాగినది. తప్పిపోయిన బర్రె, కరెంటు వచ్చే వేళ, ఎవరింట్లోనో చావు, రేషను బియ్యం వచ్చిన కబురు, అన్నీ పాటకూ పాటకూ నడుమ అందులోనే. జనము కూడా మైకులో వచ్చినదే నిజమను అలవాటులో పడినారు.

ఒకనాడు నర్సు ప్రమీలకు ఫోను వచ్చినది. ఆమెయు సమ్మెలో టెంటు కిందనే కూర్చుని ఉన్నది. తెల్లబండి రాస్తారోకోల వలన జనగామ దాటి రాలేకపోయినదని, మా ఊరి పిల్లలలో కొందరిని మళ్లీ చూడవలసి ఉన్నదని, వారిని త్వరగా జనగామకు పంపుమని డాక్టరమ్మ చెప్పినది. ఆ పిల్లలకు ఫోన్లు లేవు. ఇల్లిల్లూ తిరిగి చెప్పే ఆశా కార్యకర్తలు ధర్నాకు పోయినారు. ప్రమీల పాపము మంచిదే అనుకొని మాజిద్ చెవిలో ఒక్కొక్క పేరే చెప్పినది. వాడు ఒక్కొక్క పేరే మైకులో పలికినాడు. ఫలానా ఇంటి కోడలు, ఫలానా తండా గీత, తెల్లబండి పరీక్షలో మీకు తేలినందున తక్షణమే జనగామ పోవలెను, అని.

చివరి పేరు దగ్గర ప్రమీల ఆగినది. "తమ్మీ, గిది మైకుల వద్దు, నువ్వు ఇంట్ల జెప్పుకోరాదు" అన్నది.

వాడు మైకు తీయకుండనే అన్నాడు. "ఎందుకక్కా? మా ఇంటిదైతే ఏంది? అందరికి ఒక్కటే రూలు. మా ఇంటి నుంచి తస్లీమా!"

టెంటులో చప్పట్లు కొట్టినారయ్యా! ఎందుకు కొట్టుచున్నారో వారికీ తెలియదు.

3. మరునాటికి ఊరి మొఖం మారినది. దవాఖాన గోడ మీద ఎయిడ్సు గురించి ఎప్పుడో రాసిన రాతలు ఉన్నవి. ఆ గోడ చూసి, ఈ పేర్లు తలచుకొని, రెండూ ఒక్కటే అని ఎవరో అన్నారు. ఇక అంతే. నల్లా దగ్గర ఆ పిల్లల బిందెలు పక్కకు జరిపినారు. టీ హోటలు వీరస్వామి అందరికీ గాజుగ్లాసులో, మాజిద్‌కు మాత్రం ప్లాస్టిక్ గ్లాసులో చాయ్ పోసినాడు. నేను అడిగితే, "ఏమనుకోకు సాబన్నా, గిరాకి పోతది" అన్నాడు.

మాజిద్ ఇంటికి వచ్చి భార్యను అడిగిన మాట తమరికి రాయకూడదు, కాని రాయకుంటే ఈ అర్జీకి అర్థము లేదు. "ఎవడిచ్చిండే నీకు?" అన్నాడు.

అంతసేపు గిన్నెలు తోముచున్న పిల్ల చేతిలోని గిన్నె కింద పెట్టినది. తర్వాత నా దిక్కు తిరిగి, "మామా, డాక్టరమ్మ జెప్పింది నువ్వు గూడ ఇన్నవట గద. జర జెప్పరాదు" అన్నది. చెప్పినాను. అరిచి చెప్పినాను. ఇంట్లో చెప్పినాను, టెంటులో చెప్పినాను, మసీదు మెట్ల మీద చెప్పినాను. అందరికీ వచ్చి పోయేదే, నీకూ వచ్చి ఉంటది, నీ బాపుకు గూడ వచ్చి ఉంటదని ఒక్కొక్కని మొఖం మీదనే అన్నాను. విన్నవారు లేరు. పరదా వెనుక ఆడవారి మాటలు వినే ముసలోడని నాకే పేరు పెట్టినారు. నా భార్య చాంద్‌బీ, "నీకు సిగ్గు లేకపోతే నాకున్నది" అని కోడలి బట్టలు సంచిలో పెట్టి, తనే సడక్ దాకా నడిపించుకొని పోయి, మొగుళ్లపల్లికి పోయే పత్తి లారీ ఎక్కించి వచ్చినది. మాజిద్ ఇంటి ముందర కూర్చుని నేల చూపులు చూస్తూ ఉండిపోయినాడు. ఛీ, నా కడుపున పుట్టినవాడు!

4. ఇక్కడి నుండి జరిగినదే నన్ను భయపెట్టుచున్నది. పిలిచిన పిల్లలలో ఒక్కతె కూడా జనగామ పోలేదు. పోతే నిజమని ఒప్పుకున్నట్టే అని ఇంటింటా అదే మాట. నేను ప్రమీల ఫోనులో డాక్టరమ్మతో మాట్లాడినాను. "చుట్టుపక్కల ఊళ్ల నుంచి నడిచైనా వస్తున్నారు నబీసాబ్ గారూ, మీ ఊరి నుంచే ఒక్కరూ రాలేదు" అన్నది. అందరికీ వచ్చి పోయేదే అన్నారు గదమ్మా, మరి అంత తొందరేమిటని అడిగినాను. "చాలామంది విషయంలో అంతే. కానీ మీ కోడల్ని మాత్రం ఆలస్యం చేయకుండా తీసుకురండి, నేను ఇక్కడ ఆదివారం దాకే ఉంటాను" అన్నది.

"ఎందుకమ్మా?"

"అది ఆమెకే చెప్పాలి. మీకు చెప్పకూడదు."

అయ్యా, ఊరి మైకుకు తెలిసినది మామకు చెప్పకూడదట. కాని ఆ తల్లి మీద నాకు కోపం లేదు. మర్యాద ఎట్లుండవలెనో అప్పుడు తెలిసినది. ఆ రోజు నుండి ఏకిన దూదినే మళ్లీ ఏకుచున్నాను.

5. మొగుళ్లపల్లికి పోయినాను. లారీలు మారి, కొంత నడిచి, పొద్దు వాలేసరికి చేరినాను. కోడలి అన్న కైసర్ మంచివాడే, కూర్చోబెట్టి నీళ్లిచ్చినాడు. జనగామ మాట ఎత్తగానే లేచి తలుపు దగ్గరికి వేసినాడు.

"కాకా, మాకు ఇంకొక చెల్లె ఉన్నది, దానికి సంబంధాలు జూస్తున్నం. తస్లీమాను దవాఖానకు తోల్కపోతె మొగుళ్లపల్లి అంత తెలుస్తది. మీ ఊర్లె ఆగమైంది సాలదా?"

"బిడ్డ పానం ముఖ్యమా, సంబంధం ముఖ్యమా రా?"

"ఏం కాలేదు దానికి. మంచిగనే తింటాంది."

మంచిగనే తినుట లేదు. తస్లీమా లోపలి అర్ర వాకిట నిలబడినది, చున్నీ నోట్లో కుక్కుకొని. మనిషి సగమైనది. సలాం చేసి ఒక్కటే మాట అడిగినది. "మామా, డాక్టరమ్మ ఇంక ఉన్నదా?"

ఉన్నది బిడ్డా, ఆదివారం దాకా ఉంటదట, అని చెప్పినాను. కైసర్ ఆమెను లోపలికి పొమ్మన్నాడు. పోయినది. నన్ను కొట్టినా ఇంత బాధ ఉండకపోవును.

6. తండా గీత సంగతి కూడా మనవి చేయవలసి ఉన్నది. తండా పెద్దలు ఆ పిల్లను ఇండ్లలో ఉంచవద్దన్నారు. ఆమె భర్త జైపాల్ ఆమెను చేను దగ్గరి గుడిసెకు తీసుకొనిపోయి, తాను కూడా అక్కడనే ఉంటున్నాడు. పత్తి ఏరుతుండగా కలిసి అడిగినాను, నువ్వెందుకురా ఇక్కడ అని. "ఉంటె ఇద్దరికి ఉంటది గద కాకా, ఆమె ఒక్కతె ఎందుకు ఉండాలె?" అన్నాడు. ఇంత మాట మా ఇంట్లో పుట్టలేదు. మరి జనగామ పోరాదురా అంటే, "మొదలు ఎవరన్న పోనీయి, ఎనుక మేమొస్తం" అన్నాడు. అందరూ అదే మాట. మొదలు పోయేవారు లేరు.

కావున తమరిని ప్రార్థించుట ఏమనగా:

తమరు సమ్మెలో ఉన్నా సరే, లేకున్నా సరే, ఒక్కమారు మా చౌరస్తాకు వచ్చి ఆ మైకు పట్టుకొని, ఇది అందరికీ వచ్చునదని, ఎయిడ్సు కాదని, పిలిచినంత మాత్రాన రోగమున్నట్టు కాదని, చూపించుకొనకుంటేనే ముప్పు అని గట్టిగా చెప్పవలెను. అది వీలు కాదంటే, ఊరిలో పెండ్లయిన ఆడ మగ అందరి పేర్లు వరుసగా చదివించండి. పెద్దమనుషుల నుండి మొదలు పెట్టండి, నా పేరు ముందు పెట్టినా అభ్యంతరము లేదు. మగవారికి ఆ పరీక్ష లేదని ప్రమీల చెప్పినది. లేకుంటే లేదు, పేరు చదువుటకు పరీక్ష ఎందుకు? మా ఆడపిల్లల పేర్లు చదివినప్పుడు ఎవరికి ఏమి తెలిసి చదివినారు? మాజిద్ పేరు తప్పక చదవవలెను. గొంతు మంచిది కనుక వాని చేతనే చదివించవలెను.

ఆదివారము దాటనీయకుండా ఇది చిత్తగించవలెను. ఆదివారము తర్వాత చిత్తగించినా నాకు పని లేదు.

తమ విధేయుడు,
నబీసాబ్ (వేలిముద్ర కాదు, సంతకమే)

తా.క. అయ్యా, పై అర్జీ తమరికి పంపుమని చెప్పుటకు మానుకోట ఆఫీసు దాకా పోయినాను. తాళము. అక్కడి వారందరూ అక్కడి టెంటులో ఉన్నారు. ఒక గుమస్తా కాయితము అటూ ఇటూ తిప్పి, "మంచిగ రాసినవు పెద్దమనిషీ, తెలంగాణ వచ్చినంక పట్టుకరా" అన్నాడు. తెలంగాణ వచ్చుదాకా నా కోడలు ఆగునా?

తిరిగి వచ్చి మా టెంటుకే పోయినాను. మాట్లాడుతానంటే మాజిద్ మైకు ఇచ్చినాడు, ఉద్యమము గురించి అనుకున్నాడు. అయ్యా అని మొదలుపెట్టి అర్జీ మొత్తము చదివినాను. కాని కోడలి పేరు దగ్గరకు వచ్చేసరికి నాలుక మెదలలేదు. ఒకసారి ఆ మైకులో పలికిన పేరు మళ్లీ ఎట్లా పలుకుదును? మిగతా పిల్లల పేర్లూ అంతే. అందుచేత ఆడపిల్ల పేరు ఉన్న ప్రతిచోట నబీసాబ్ అని చదివినాను. నబీసాబ్ గర్భసంచి అని చదివినాను. నబీసాబును పత్తి లారీ ఎక్కించి పుట్టింటికి పంపినారని చదివినాను. జనము విరగబడి నవ్వినారు. వీరస్వామి చాయ్ కెటిల్ కింద పెట్టి కడుపు పట్టుకున్నాడు. నవ్వనీ అని ఆపకుండా చదివినాను. "ఎవడిచ్చిండే నీకు నబీసాబూ" అని చదివినప్పుడు నవ్వు ఆగిపోయినది. మాజిద్ నా పక్కనే నిలబడి ఉన్నాడు గదా. వాడు మెడలోని కండువా తీసి మొఖానికి పెట్టుకొని టెంటు వెనుకకు పోయినాడు.

ఇంటికి పోయినాను. మైకు ఊరంతా వినబడుతుంది కనుక చాంద్‌బీ నన్ను కూడా సంచి సర్ది పంపునని అనుకున్నాను. ఆమె గడప మీద కూర్చుని ఉన్నది.

"ఆ డాక్టరమ్మ ముసలోళ్లను గూడ జూస్తదా?" అన్నది.

"ఎందుకే?"

కొంగు నోటికి అడ్డం పెట్టుకొని చెప్పినది. "నాకు నెలనెల అయ్యేది బందయి ఎన్నేండ్లాయె. మొన్నటి ఎండకాలం సంది మళ్ల కనవడుతాంది. ఒకపారి కాదు, ఆగి ఆగి అయితనే ఉన్నది. వాసన గూడ. ఎవరికి జెప్పుదు? పోరిని ఎల్లగొట్టిన నోటితోని ఎట్ల జెప్పుదు?"

ప్రమీలను పిలుచుకొని వచ్చినాను. ఆమె విన్నది, మొఖము తెల్లబడినది. చాంద్‌బీ చెయ్యి పట్టుకొని, "గిది ఆగేది కాదు చిన్నమ్మా, రేపే పోవాలె" అన్నది. చాంద్‌బీ ముప్పై ఏండ్లుగా నా పక్కన ఉన్న మనిషి. నేను ఊరందరి పరుపులు విప్పి చూసినవాడినే, మా ఇంటి పరుపు మీద ఏమి జరుగుచున్నదో చూడలేదు.

జనగామ పొమ్మన్నాము. చాంద్‌బీ ససేమిరా అన్నది. "మొదలు మొగుళ్లపల్లికే పోత. అత్తకు పానం బాగలేదు, తోడు రావాలె అంటె కోడలిని ఆపేటోడు ఎవడు? కైసర్ గూడ ఆపడు. పోరి నాకు తోడు వచ్చినట్టె ఉంటది, లోపలికి పోయినంక ఇద్దరం జూపించుకుంటం. అది రాకపోతె నేను గూడ జనగామ పోను" అన్నది. మాజిద్ ఆటో మాట్లాడుకొని వచ్చినాడు. తల్లి ఎదుట తల ఎత్తలేదు. ఈ పొద్దున తల్లీ కొడుకు ఇద్దరూ మొగుళ్లపల్లికి పోయినారు. అక్కడి నుండి తస్లీమాను తీసుకొని వరంగల్, వరంగల్ నుండి రైలులో జనగామ.

ఇప్పుడే మైకులో చెప్పుచున్నారు, రేపటి నుండి రైల్ రోకో అట. ఒక్క బండి కూడా కదలదట.

అందుచేత అయ్యా, పైన రాసిన కోరికలన్నీ కొట్టివేయండి. మైకు వద్దు, తమరు రావద్దు, ఎవరి పేర్లూ చదవవద్దు. ఈ కాయితము వరంగల్ పోయే డ్రైవరు చేతికిచ్చి తమరి ఇంటి తలుపు సందులో వేయమని చెప్పినాను. చూసిన వెంటనే జనగామకు ఒక్క ఫోను చేయండి. ఆదివారము దాటినా డాక్టరమ్మను పోనీయవద్దు. రైలు లేకుంటే పట్టాల వెంబడి నడిచి అయినా వస్తారు. ముసలామె మెల్లగా నడుస్తుంది, చిన్నది ఆమెను విడిచి ముందుకు రాదు.